మౌనం అర్ధాంగీకారం కాని చోట

ముప్ఫై ఎనిమిదేళ్ళకే వృత్తి అనుభవాలు రాయడానికి కూర్చున్నానని మా ఆవిడ నవ్వుతోంది. నవ్వనివ్వండి. నేను ఉద్యోగం మానలేదు, ఒక వృత్తి మానేశాను. న్యూజెర్సీలో, క్వేకర్లనే ఒక చిన్న క్రైస్తవ శాఖవాళ్ళు నడిపే బడిలో పన్నెండేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. కిందటేడు అది వదిలేసి అరిజోనాలోని చాండ్లర్ వచ్చి, చిప్పులు తయారుచేసే కంపెనీలో కొలతలు సరిచూసే ఇంజనీరుగా చేరాను. మళ్ళీ పాఠాలు చెప్పే ఆలోచన లేదు. కాబట్టి ఆ పని సంగతి ఇప్పుడు నిష్పూచీగా చెప్పవచ్చు.

ఇది రాయడానికి కారణం పిస్కాటవేలో నేను చదివిన యూనివర్సిటీ నుంచి వస్తున్న ఫోన్లు. ఆ మధ్య ఒక కుర్రాడు అడిగాడు. "అన్నా, క్వేకర్ స్కూల్లో ఫిజిక్స్ టీచర్ పోస్ట్ ఉందంట. అప్లై చెయ్యనా? మతం మార్చేస్తారా ఏంటి?"

పన్నెండేళ్ళలో నన్ను మతం మారమని ఒక్కరూ అడగలేదు. చివరి రోజుల్లో నేనే కాస్త చిన్నబుచ్చుకున్నాను. ఆ బడిలో టీచర్లలోనూ పిల్లల్లోనూ చాలామంది క్వేకర్లు కారు. యూదులు, కేథలిక్కులు, ముస్లింలు, మనవాళ్ళు అందరూ ఉండేవారు. బడి నడిచే పద్ధతి మాత్రం క్వేకర్లది. మీరు నేర్చుకోవలసింది మతం కాదు, ఆ పద్ధతి. అది మన పెంపకానికి ఎక్కడెక్కడ అడ్డం తగులుతుందో చెప్తాను.

పేరు పెట్టి పిలవడం

నేను చేరింది 2002లో. చేతిలో ఎలక్ట్రికల్‌లో మాస్టర్స్ ఉంది, ఇచ్చిన ఆఫర్‌ని వెనక్కి తీసుకున్న కంపెనీ ఉత్తరం ఉంది. ఆ బడిలో టీచరు మధ్యలో మానేయడంతో ఖాళీ వచ్చింది. వీసా కాగితాలు వాళ్ళే పెడతామన్నారు. అంతే, అందులో ఆదర్శం ఏమీ లేదు.

మొదటిరోజు రూత్ నన్ను బడి అంతా తిప్పి చూపించింది. రూత్ చరిత్ర చెప్పేది. పుట్టుకతో క్వేకర్. టీచర్లందరికీ పెద్ద. "ఇక్కడ మిస్టర్లు, డాక్టర్లు ఉండరు. పిల్లలు నిన్ను కిరణ్ అంటారు, నన్ను రూత్ అంటారు" అంది. పధ్నాలుగేళ్ళ పిల్ల "హాయ్ కిరణ్" అంటూ పోతుంటే నాకు చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మరిచిపోయినట్టు అనిపించింది.

దీని వెనకున్న కథ ఇంగ్లీషువాడికంటే తెలుగువాడికి తొందరగా అర్థమవుతుంది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో వాళ్ళ భాషలోనూ మనలాగే రెండు మాటలుండేవి: పెద్దలకు ఒక 'మీరు', చిన్నవాళ్ళకు ఒక 'నువ్వు'. క్వేకర్లు బయలుదేరి అందరినీ నువ్వు అన్నారు. జమీందారునీ నువ్వే, జడ్జినీ నువ్వే. ఎవరికీ టోపీ తీయం అన్నారు. పొగరుతో కాదు. దేవుడి వెలుగు ప్రతి మనిషిలోనూ కొంత ఉందని, దానిలో ఎక్కువ తక్కువలు లేవని వాళ్ళ నమ్మకం. అందుకే పూజారి లేడు, ఆడవాళ్ళు కూడా లేచి మాట్లాడవచ్చు. జడ్జిని నువ్వు అన్నందుకు జైళ్ళలో మగ్గారు. క్వేకర్ అన్నది కూడా 'వణికేవాళ్ళు' అని లోకం వెక్కిరిస్తూ పెట్టిన పేరే. తమని తాము వాళ్ళు మిత్రులు అనుకుంటారు.

తెలుగు తల్లిదండ్రులకు ఇదంతా చెప్పడం నా పనుల్లో ఒకటైంది. వాళ్ళలో రమణ, శ్రీలత అనే దంపతులు ఈ కథకు కావలసినవాళ్ళు. రమణది కరీంనగర్. మందుల కంపెనీలో క్వాలిటీ విభాగం. మితభాషి. శ్రీలతది తెనాలి. మితం అనే మాటతో ఆవిడకు పరిచయం లేదు. వాళ్ళమ్మాయి స్నిగ్ధ తొమ్మిదో తరగతిలో చేరింది. మొదటి పేరెంట్స్ మీటింగ్‌లో ఆ పిల్ల "కిరణ్, ఇది మా అమ్మ" అంది.

శ్రీలత గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఏమ్మా! పేరు పెట్టి పిలుస్తావా? సార్ అను!"

"అమ్మా, ఇక్కడ సార్ అనరు. ఇట్స్ ఎ రూల్."

"పోనీ అంకుల్ అనవే!"

"ఓ మై గాడ్ అమ్మా, నో."

చివరికి ఒప్పందం కుదిరింది. బడిలో కిరణ్, గుడిలో అంకుల్. ఆదివారం గుడిలో పులిహోర ప్లేటు పట్టుకుని "నమస్తే అంకుల్" అన్న పిల్లే సోమవారం "కిరణ్, హోంవర్క్ టూ మచ్" అనేది. నాకప్పుడు పాతికేళ్ళు. రెండింటిలో ఎక్కువ బాధపెట్టింది అంకులే.

ఒట్టు

నాకు నియమాలు రాయడం ఇష్టం. చేరిన మొదటి ఏడాదే పరీక్ష పేపరు అడుగున ఒక వాక్యం అచ్చువేయించాను: 'నేను కాపీ కొట్టలేదని ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను.' కింద సంతకం. నా ఆలోచనకు నేనే మురిసిపోయాను.

రూత్ పేపరు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చింది. "ఇక్కడ సంతకం పెడితే నిజం చెప్తున్నట్టు. అంతేనా?"

"అంతే."

"మరి సంతకం పెట్టని రోజు?"



క్వేకర్లు ఒట్టు వెయ్యరు. కోర్టులో కూడా వెయ్యం అన్నారు, దానికీ జైలుకెళ్ళారు. వాళ్ళ తర్కం సూటిగా ఉంటుంది. ఒట్టు వేసి చెప్పేది నిజమైతే, ఒట్టు లేకుండా చెప్పేది ఏమిటి? మనిషికి నిజం రెండు రకాలుగా ఉండకూడదు. అవునంటే అవును, కాదంటే కాదు. వాళ్ళ పాత దుకాణాల్లో ఒకటే ధర ఉండేదట, బేరం లేదు. ఎక్కువ చెప్పి తగ్గించడం కూడా వాళ్ళ లెక్కలో అబద్ధమే. వాళ్ళలాంటి వాళ్ళ పట్టుదల వల్లే అమెరికా రాజ్యాంగంలో అధ్యక్షుడి ప్రమాణం దగ్గర కూడా, ప్రమాణం చేయనివాళ్ళు ఊరికే ధ్రువీకరించవచ్చన్న వెసులుబాటు ఉంది.

'అమ్మతోడు', 'గాడ్ ప్రామిస్', 'నా మీద ఒట్టు' అనుకుంటూ పెరిగిన నాకు ఇది వింతగానూ, కొంత హాయిగానూ అనిపించింది. పేపరు మీది ఆ వాక్యం తీసేశాను. ఏమీ కూలిపోలేదు. కాపీ కొట్టేవాళ్ళు కొట్టారు, కొట్టనివాళ్ళు కొట్టలేదు. సంతకాల కాలంలోనూ అంతే.

బుధవారం

వారానికోసారి బడి మొత్తం మీటింగ్ హౌస్‌లో కూర్చుంటుంది. గుడీ కాదు, చర్చీ కాదు. శిలువ లేదు, దీపం లేదు, రంగుటద్దాలు లేవు. ఎదురెదురుగా పాత చెక్క బెంచీలు. పూజారి లేడు, పుస్తకం లేదు. అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలినుంచి మాట వస్తే లేచి చెప్తారు. చెప్పిన మాటకు ఎవరూ జవాబివ్వరు, మళ్ళీ మౌనం. చివర పక్కవాళ్ళతో చేతులు కలిపితే అయిపోయినట్టు. (అందరు క్వేకర్లూ ఇలాగే అనుకోకండి. నార్త్ కరోలినాలో మోరిస్‌విల్‌లో ఉండే నా క్లాస్‌మేట్, వాళ్ళ దగ్గరి క్వేకర్లకు పాస్టరూ పాటలూ ఉంటాయని చెప్పాడు.)

కొత్తవాళ్ళు తెలుసుకోవలసినవి:

ఒకటి, ఇది ధ్యానం క్లాసు కాదు. ఊపిరి లెక్కపెట్టమని ఎవరూ చెప్పరు.

రెండు, ఒకరు మాట్లాడగానే ఇంకొకరు లేవకూడదు. ఆ మాట దిగేదాకా ఆగాలి.

మూడు, మీకు నిద్ర వస్తుంది. వస్తే రానివ్వండి. గురక రాకుండా చూసుకోండి.

మొదటి ఏడాదంతా అక్కడ కూర్చుని తర్వాతి క్లాసుకు లెక్కలు తయారుచేసుకున్నాను. ఎప్పుడు మానేశానో గుర్తులేదు. ఒక బుధవారం బయటికి వచ్చాక చూసుకుంటే బుర్రలో ఒక్క లెక్కా లేదు.

ఓటు లేని సమావేశం

ఉద్యోగంలో అసలు కష్టం ఇక్కడుంది. జాగ్రత్తగా చదవండి.

ఆ బడి టీచర్ల సమావేశంలో ఓట్లు ఉండవు. సమావేశం నడిపేవారిని క్లర్క్ అంటారు. అధ్యక్షులు అనరు, ఎందుకంటే క్లర్క్ పని నడిపించడం కంటే వినడం. అందరూ మాట్లాడాక, గదిలో ఏ మాట తేలిందో అది ఒక వాక్యంగా రాసి అక్కడే చదువుతారు. అందరూ సరే అంటేనే అది నిర్ణయం. అందరి అభిప్రాయమూ ఒకటి కానక్కర్లేదు. ఎవరి అభిప్రాయం ఏదైనా, 'మనం చేయవలసింది ఇదే' అని అందరూ నిలబడగలిగే వాక్యం కావాలి. ఒక్క మనిషి 'నేను దీనితో కలవలేను' అంటే ఆ వాక్యం ఆగిపోతుంది.

నా మాట నిక్కచ్చిగా చెప్తాను. ఈ పద్ధతి మనిషిని విసిగిస్తుంది. ఫోటోకాపీ మెషీన్ ఎక్కడ పెట్టాలన్న దానిమీద మేం ఒక శీతకాలం గడిపాం. అక్కడ ఎవరూ అరవరు. కోపాన్ని మర్యాదగా మడతపెట్టి సంవత్సరాల తరబడి దాచుకునేవాళ్ళను చూశాను. ఇంతకంటే పెద్ద నష్టం వాళ్ళ చరిత్రలోనే ఉంది. బానిసత్వం తప్పని అమెరికాలో ముందుగా గొంతెత్తిన వాళ్ళలో క్వేకర్లున్నారు, నిజమే. కానీ క్వేకర్లలోనే బానిసల్ని ఉంచుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరూ ఒక్క మాట మీదికి రావడానికి తరాలు పట్టింది. రూత్ ఈ పాఠం చెప్పేటప్పుడు మెత్తగా చెప్పేది కాదు. "మేం ఏకం కావడం కోసం ఎదురుచూశాం. ఆ ఎదురుచూపు ఖరీదు వేరేవాళ్ళు కట్టారు" అనేది.

మరి మంచి ఏమిటి? అది ఒక్క ఉదంతంతోనే చెప్పగలను.

క్లర్క్ రూత్. వాక్యం రాసేవాణ్ణి నేను. 'జాబితాలు బాగా రాస్తావు' అని నాకు అంటగట్టారు. రాసేవాడికి ఒక కట్టుబాటుంది: సొంత అభిప్రాయం రాయకూడదు, గదిలో తేలింది రాయాలి.

స్నిగ్ధ పదకొండులో ఉంది. ఆ టర్ముకు పెద్ద ప్రాజెక్టు లోలకం: రకరకాల పొడవుల దారానికి గుండు కట్టి, ఊగే సమయం కొలిచి, దాన్నిబట్టి భూమ్యాకర్షణ విలువ, అదే జీ, ఎంతో తేల్చాలి. పుస్తకంలో తొమ్మిది పాయింట్ ఎనిమిది. స్నిగ్ధకూ సరిగ్గా అంతే వచ్చింది. గ్రాఫు మీద చుక్కలన్నీ గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. చేత్తో కొలిచిన అంకెలకు తడబాటు ఉంటుంది. ఈ అంకెల్లో తడబాటే లేదు.

పిలిచి అడిగాను. "ఇవి కొలిచావా?"

 "కొన్ని" అంది. తర్వాత, "లేదు" అంది.

తొమ్మిదో తరగతిలో ఒక వ్యాసంలో వేరేవాళ్ళ పేరా తనదిగా పెట్టి మందలింపు తిన్న పిల్ల. మా బడిలో రెండోసారి అయితే, ఆ పిల్ల ఉండాలా వెళ్ళాలా అన్నది టీచర్లు తేల్చాలి. పదకొండు మధ్యలో పంపించేస్తే కాలేజీ అప్లికేషన్లలో ఆ కారణం ప్రతిచోటా చెప్పుకోవాలి. ఆ అమ్మాయికి పోయేది అదీ.

అర్ధాంగీకారం

సమావేశంలో కెమిస్ట్రీ చెప్పే గ్రెగ్ ముందు మాట్లాడాడు. "తప్పు కొలత వస్తే క్షమిస్తాను. కొలవకుండా రాస్తే అది సైన్సు కాదు. మనం నిజం గురించి ఇంత మాట్లాడి, ఇప్పుడు చూసీ చూడనట్టు వదిలేస్తే పిల్లలకు ఏం నేర్పినట్టు?" ఇంకో ఇద్దరు అదే అన్నారు. నా మనసులోనూ అదే ఉంది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

రూత్ ఆగింది. మౌనం. ఇంకా మౌనం.

మౌనం అర్ధాంగీకారం అని పుట్టినప్పటినుంచీ విన్నవాణ్ణి. పెళ్ళిచూపుల దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దాకా మనకు అదే లెక్క. గదిలో అంతమంది నోరు మూసుకుంటే అన్ని సగాలూ కలిపి పూర్తి అంగీకారం అవదా? రాశాను: 'ఈ టర్ము చివర స్నిగ్ధ బడి విడిచి వెళ్ళాలని టీచర్లు నిర్ణయించారు.' లేచి చదివాను.

"కిరణ్" అంది ఎలినార్. ఎలినార్ లైబ్రేరియన్. డెబ్బైకి దగ్గర. ఆవిడా క్వేకరే. "ఆ వాక్యం ఎవరిది?"

"సమావేశానిది. ఎవరూ కాదనలేదు కదా?"

"అవును అని కూడా ఎవరూ అనలేదు. నేను ఆలోచిస్తున్నాను."

గ్రెగ్ నవ్వు ఆపుకున్నాడు. నాకు చెవులు వేడెక్కాయి.

"మనం ఆ పిల్ల గురించి మాట్లాడాం, ఆ పిల్లతో మాట్లాడలేదు. నేను ఆ వాక్యంతో కలవలేను" అంది ఎలినార్.

అంతే. ఆగిపోయింది. కంపెనీల్లో అయితే ఆవిడ ఒక్క ఓటు కింద కొట్టుకుపోయేది. ఇక్కడ రూత్ తలూపి, "తర్వాతి సమావేశందాకా దీన్ని పట్టుకుని ఉందాం" అంది. నేను ఆ వాక్యం కొట్టేశాను.

ఆ శనివారం రమణ, శ్రీలత మా ఇంటికి వచ్చారు. చేతిలో మైసూర్‌పాక్ డబ్బా.

"సార్, మన తెలుగువాళ్ళు మీరొక్కరే ఉన్నారు అక్కడ. మీరు గట్టిగా చెప్తే వింటారు. ప్లీజ్ సార్. దీనికి బుద్ధొచ్చింది. ఇంకోసారి చెయ్యదు. నా మీద ఒట్టు వేయించాను" అన్నారు శ్రీలత గారు.

"నేను చెప్పడానికి లేదండీ. నేను రాసేవాణ్ణి మాత్రమే."

"రాసేవారే కదండీ! రెండు మంచి మాటలు రాసెయ్యండి, పోయేదేముంది!"

రమణ అంతసేపూ కార్పెట్ చూస్తూ కూర్చున్నాడు. లేచేటప్పుడు మాత్రం అన్నాడు. "తప్పు పిల్లదే సార్. నేను క్వాలిటీల పనిచేస్త. ఆఫీసుల ఇట్ల జేస్తే నౌకరీ పోతది. కానీ ఒక్క ఛాన్స్ ఇయ్యున్రి."

మైసూర్‌పాక్ తిరిగి పంపడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. అది వేరే సంగతి.

ప్రశ్నలే, సలహాలు కావు

క్వేకర్లకు ఒక పాత ఆచారం ఉంది. ఎవరికైనా దారి తోచనప్పుడు, వాళ్ళు అడిగితే, నలుగురు వచ్చి చుట్టూ కూర్చుంటారు. ఆ కూటమిని క్లియర్‌నెస్ కమిటీ అంటారు. తీర్పు చెప్పదు, సలహా ఇవ్వదు. ప్రశ్నలు మాత్రమే అడగాలి, అవీ జవాబు మనకు ముందే తెలియనివి. అడిగినవాళ్ళు తమలోకి తాము చూసుకోవడానికి. పెళ్ళి చేసుకోవాలా, యుద్ధానికి వెళ్ళనని చెప్పాలా, ఇలాంటివాటికి వాడేవారట.

కావాలంటే నీ కోసం కూర్చుంటామని రూత్ చెప్పింది. స్నిగ్ధ రెండు రోజులు ఆలోచించి, కావాలంది. ఎవరెవరు ఉండాలో కూడా తనే చెప్పాలి. రూత్, ఎలినార్, అమ్మ, నాన్న. తర్వాత నా వైపు తిరిగి, "కిరణ్ రావాలి. కిరణ్ అంకుల్ వద్దు" అంది.

లైబ్రరీ వెనక చిన్న గది. కాసేపు మౌనం. ముందుగా శ్రీలత గారికి అవకాశం ఇచ్చారు.

"నువ్వు మంచిగా చదువుకుంటే ఈ గొడవంతా ఉంటుందా?" అన్నారావిడ, ఇంగ్లీషులో.

"అది ప్రశ్న వేషం వేసుకున్న సలహా" అంది ఎలినార్, నవ్వుతూనే.

"ఓకే, ఓకే. సారీ." శ్రీలత గారు ఆలోచించారు. "నెక్స్ట్ టైమ్ ముందే అడిగితే సరిపోతుంది కదా?"

"ఇంకోటి ప్రయత్నించండి."

"ఏమండీ, మనకు సలహా కాని ప్రశ్న ఒక్కటి కూడా రాదా!" అన్నారావిడ తెలుగులో భర్తతో. స్నిగ్ధ ఫక్కున నవ్వింది. వారం తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే అనుకుంటాను.

రూత్ అడిగింది. "నిజంగా కొలిచిన రోజు ఏమైంది?"

"నైన్ పాయింట్ త్రీ వచ్చింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. స్ట్రింగ్ ఏదో అయింది, నాకు తెలీలేదు. రాంగ్ ఆన్సర్‌తో రిపోర్ట్ ఇంటికి వెళ్తుంది కదా అనుకున్నాను."

మౌనం. నేను అడగబోయి ఆగాను. అప్పుడు రమణ గొంతు సవరించుకున్నాడు. అతను తెలుగులోనే అడిగాడు. ఎలినార్‌కు ఒక్క ముక్కా అర్థం కాలేదు, అయినా ముందుకు వంగి వింది.

"ఇంటికొస్తే నేనేమంటనని భయపడ్డవ్ బిడ్డా?"

"మీరేమీ అనరు నాన్నా."

"మరి?"

"అదే. ఏమీ అనరు. నాకు బీ వస్తే వన్ వీక్ మాట్లాడరు. డిన్నర్‌లో... అమ్మ ఒక్కతే మాట్లాడుతుంది. నేను రైస్ వైపు చూస్తాను. తిడితే బెటర్ నాన్నా. ఐ జస్ట్ డోంట్ నో వాట్ యూ ఆర్ థింకింగ్."

 రమణ అద్దాలు తీశాడు. తుడవలేదు, చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి, "నాకు మాట రాదు బిడ్డా. కోపం గాదు" అన్నాడు. "మా నాయిన గూడ గంతే ఉండె."

ఆ గదిలో జరిగింది అంతే. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. వెళ్ళేముందు స్నిగ్ధ తనంతట తనే అంది: క్లాసు ముందు నిలబడి ఏ అంకెలు తను పుట్టించిందో చెప్తాను, ప్రయోగం మళ్ళీ చేస్తాను, ఏది వస్తే అది ఇస్తాను. బడిలో ఉంచినా, పంపించేసినా.

రెండో సమావేశం

ఆ మాట స్నిగ్ధ అనుమతితో రూత్ సమావేశంలో చెప్పింది. మిగతాది చెప్పలేదు. (ఇక్కడ నేను రాసింది కూడా స్నిగ్ధా, రమణ గారూ చదివి సరేనన్నాకే.)

గ్రెగ్ చేతులు కట్టుకుని విన్నాడు. "ఇకమీద ఇలా చెయ్యనని మాటిచ్చిందా?"

"ఇవ్వలేదు. మేం అడగలేదు" అంది ఎలినార్.

గ్రెగ్ కట్టుకున్న చేతులు విప్పాడు. "మంచిది. మాటిచ్చి ఉంటే నమ్మేవాణ్ణి కాదు" అన్నాడు. "నా అభిప్రాయం మారలేదు. ఆ పిల్ల వెళ్ళడమే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ దారికి అడ్డం నిలబడను. పక్కకు తప్పుకున్నానని రాయండి."

అది కూడా వాళ్ళ పద్ధతిలో ఉన్నదే. ఒప్పుకోకుండానే దారి ఇవ్వడం. ఓడిపోవడం కాదది. పేరుతో సహా రాస్తారు.

తర్వాత మౌనం. కలం నా చేతిలో ఉంది. ఈసారి నేను గదిలో ముఖాలన్నీ చూశాను. ఆలోచిస్తున్న మౌనం వేరు, అలిగిన మౌనం వేరు, తేలికపడిన మౌనం వేరు. ఏది ఏదో తెలిసే దాకా ఆగడమే రాసేవాడి పని. ఎవరో కుర్చీలో వెనక్కి వాలారు. ఎవరో ఊపిరి వదిలారు. అప్పుడు రాశాను: 'స్నిగ్ధ తనంతట తాను చేస్తానన్న పని పూర్తిచేసి మనతో కొనసాగాలని సమావేశానికి తోచింది. గ్రెగ్ పక్కకు తప్పుకున్నారు.'

చదివి, ఎలినార్ వైపు చూశాను.

"ఆ వాక్యం నాది కూడా" అంది.

చుట్టూ ఒక్కొక్కరే 'సరే' అన్నారు. నోటితో అన్నారు. నా భుజాలు అన్ని వారాలుగా చెవుల దాకా లేచి ఉన్నాయని అవి కిందికి దిగాకే తెలిసింది.

స్నిగ్ధ క్లాసు ముందు నిలబడిన రోజు సంగతి రాయను. అది ఆమెది. ప్రయోగం మాత్రం ఒంటరిగా, నా సాయం లేకుండా చేసింది. రిపోర్టు ఇచ్చిన సాయంత్రం వాళ్ళ నాన్న తీసుకెళ్ళడానికి వచ్చాడు. నేను దిద్దిన కాపీ పట్టుకుని బయటికి వెళ్ళాను. పార్కింగ్‌లో కారు పక్కన నిలబడి రమణ పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. స్నిగ్ధ బ్యాగు దించకుండా ఆయన ముఖమే చూస్తోంది. ఆయన ఏమీ అనడం లేదు. నాకు నోరు ఊరుకోలేదు, సలహా ఒకటి గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

చివరి పేజీ దగ్గర రమణ ఆగాడు.

"నైన్ పాయింట్ ఫైవా?"

"అవును నాన్నా."

"తక్కువెందుకొచ్చింది?"

"స్ట్రింగ్ సాగింది. వెయిట్ కట్టాక కొంచెం పొడుగైంది. నేను ముందు కొలిచిన లెంగ్తే వాడాను."

"ఎంత సాగింది?"

"తెలీదు. అది కొలవలేదు."

"మరి రిపోర్టుల ఏం రాసినవ్?"

"కొలవలేదని రాశాను."

రమణ మళ్ళీ ఆ పేజీ చూశాడు. కాగితాలు జాగ్రత్తగా మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. కారు తలుపు తీస్తూ, "మా దగ్గర గూడ గట్లనే రాయాలె బిడ్డా. కొందరు రాయరు" అన్నాడు. ఆగి, "ఆ దారం ఏం దారం? నైలానా?" అన్నాడు.

కారు మలుపు దగ్గర ఆగినప్పుడు చూశాను. ఇద్దరి చేతులూ ఊగుతున్నాయి, లోలకం ఎట్లా కట్టాలో ఒకరికొకరు చెప్పుకుంటున్నట్టు.